ఏళ్లిచ్చిన దాతలు



గుడి కట్టించినవారి పేరు రాతిమీద ఉంటుంది. బడికి గదులు కట్టించినవారి పేరు గోడమీద ఉంటుంది. ఇవాళ నేను మీతో చెప్పుకోవాలనుకుంటున్నది పేరు ఎక్కడా కనిపించని దాతల సంగతి. ఇంకా పేరు రాని గాయకుడికి, ఇప్పుడిప్పుడే గజ్జె కట్టిన అమ్మాయికి, మృదంగం నేర్చుకుంటున్న కుర్రవాడికి చేయూతనిచ్చే వాళ్ల సంగతి. వాళ్లు ట్రస్టులు కావచ్చు, ఫౌండేషన్లు కావచ్చు, దేవస్థానాలు కావచ్చు. మీ ఊరి ఉత్సవ కమిటీ కూడా కావచ్చు.

నేను చెప్పదలచుకున్న మాట ఒక్కటే. ముందే చెప్పేస్తాను. మధ్యలో మళ్లీ చెబుతాను. ఎదుగుతున్న కళాకారుడికి మనం ఇవ్వాల్సింది ఏళ్లు. నాలుగేళ్లో అయిదేళ్లో పొట్టకూటి బెంగ లేకుండా సాధన చేసుకోనివ్వాలి. శాలువా తర్వాత కప్పవచ్చు. బిరుదు తర్వాత ఇవ్వవచ్చు. ముందు ఏళ్లు ఇవ్వాలి.

ఒక్కసారి విజయనగరం వెళ్లొద్దాం.

1919లో పూసపాటి విజయరామ గజపతిరాజుగారు అక్కడ సంగీత కళాశాల పెట్టారు. ఎందుకు పెట్టారో ఆ ఊళ్లో ఒక కథ చెప్పుకుంటారు. సంస్థానం కొలువులో ఉన్న ఒకాయన కొడుక్కి చూపు లేదు. పిల్లవాడికి సంగీతమంటే ప్రాణం. ఆ ఒక్క పిల్లవాడికి చదువు చెప్పించాలన్న ఆలోచనతో మొదలై, అది ఏకంగా కళాశాల అయిందట. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ విద్యార్థిగా చేరాలని వస్తే, ఆయన వయొలిన్ విని, అధ్యాపకుడిగానే పెట్టుకున్నారని చెబుతారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు.

ఆ ద్వారంవారి రోజుల్లోనే కృష్ణా జిల్లా నుంచి ఒక కుర్రవాడు విజయనగరంలో రైలు దిగాడు. గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టినవాడు. తండ్రి తరంగాలు పాడేవారు. కొడుకును గొప్ప సంగీత విద్వాంసుణ్ణి కమ్మని చెప్పి కన్నుమూశారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఈ పిల్లవాడు వేలి ఉంగరం అమ్ముకుని వచ్చాడు. తీరా వస్తే కళాశాలకు వేసవి సెలవులు. తలుపులు మూసి ఉన్నాయి. తెలిసినవాళ్లు లేరు. ఆ ఉంగరం తెచ్చిన కాసిని రూపాయలూ ఎన్నాళ్లుంటాయి?

ఆ కుర్రవాడి పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

ద్వారంవారు కళాశాల ఆవరణలో ఉండనిచ్చారు. కొన్నాళ్లకు ఆ నీడా పోయింది. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీశారు. సాలూరి చినగురువుగారు అంటారు ఆయన్ని. పైసా పుచ్చుకోకుండా పాఠం మొదలుపెట్టారు. అయితే ఆయనా పేదవారే. విద్య ఇవ్వగలరు, అన్నం పెట్టలేరు. దాంతో ఆ కుర్రవాడు భుజాన జోలె కట్టుకుని మాధుకరానికి బయలుదేరాడు. ఇల్లిల్లూ తిరిగి, పెట్టిన అన్నం రెండు పూటలకూ సర్దుకునేవాడు. పొద్దున తిన్నాక మిగిలింది రాత్రికి గుడ్డలో మూట కట్టి దాచుకుంటే దానికి చీమలు పట్టేవట. చీమలు పట్టకుండా ఒక డబ్బా కొనుక్కుందామంటే డబ్బుల్లేవు. మేనమామకు ఉత్తరం రాసి, డబ్బు తెప్పించుకుని, ఆ డబ్బా కొనుక్కున్నాడని ఆయన జీవిత కథలో చెబుతారు.

ఈ డబ్బా దగ్గర నేను కాసేపు ఆగుతాను.

ఘంటసాల పాట వినని తెలుగిల్లు లేదు. ఆ గొంతు మనదాకా రావడానికి ఎవరెవరు ఏమిచ్చారో చూడండి. ఒకరు తలదాచుకునే చోటిచ్చారు. ఒకరు ఉచితంగా విద్య ఇచ్చారు. పేరు తెలియని ఇల్లాళ్లు పిడికెడు పిడికెడు అన్నం పెట్టారు. ఒక మేనమామ డబ్బాకు డబ్బు పంపారు. వీళ్లెవరూ సభ పెట్టలేదు, సన్మానం చేయలేదు. అందరూ కలిసి ఆ కుర్రవాడికి కొన్నేళ్లు ఇచ్చారు. ఆ ఏళ్లలో ఆయన సంగీతం నేర్చుకున్నాడు.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఘంటసాల నిలబడ్డారు కాబట్టి ఈ కథ మనం ముచ్చటగా చెప్పుకుంటున్నాం. ఆకలికి తాళలేక, మూడో రోజే తిరుగు రైలెక్కి ఇంటికి వెళ్లిపోయిన పిల్లల కథలు ఎవరు రాశారు? వాళ్లలో ఎన్ని గొంతులున్నాయో ఎవరికి తెలుసు? కష్టపడితేనే కళాకారుడవుతాడని కొందరు గర్వంగా అంటుంటారు. నాకు ఆ మాట నచ్చదు. సాధనలో కష్టం ఉంది, అది ఎలాగూ తప్పదు. దానికి తోడు ఆకలి కూడా ఎందుకు? సంగీతానికి ఆకలి నేర్పేదేమీ లేదు. ట్రస్టు అనేది ఉండాల్సింది ఇందుకే. పిల్లవాడి భవిష్యత్తు వాడి అదృష్టం మీద, ఎదురింటి ఇల్లాలి దయ మీద ఆధారపడకుండా ఉండటానికి.

విజయనగరం కథ అక్కడితో అయిపోలేదు. 1940లో పిఠాపురం ప్రాంతం నుంచి ఇంకో పిల్లవాడు అదే కళాశాలలో చేరాడు. ఆయనే నేదునూరి కృష్ణమూర్తిగారు. తర్వాత మద్రాసు మ్యూజిక్ అకాడమీవారి సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న శిష్యుల్లో రాజమండ్రిలో పుట్టిన ఒక యువకుడున్నాడు. గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్. ఆయన కోసం మనం విజయనగరం నుంచి తిరుపతికి రావాలి.

తిరుమల గుడిలో సంకీర్తన భాండాగారం అని చిన్న అర ఉంది. తాళ్లపాక కవుల పాటలు చెక్కిన రాగిరేకులు అందులోనే దొరికాయి. వేలకొద్దీ పాటలు. ఒక్కో పాట మీదా రాగం పేరు ఉంది. కానీ ఎలా పాడాలో లేదు. అంటే పాట మిగిలింది, వరస పోయింది. వరస లేని పాటను పుస్తకంలో అచ్చు వేయవచ్చు, జనం నోట పలికించలేం. పలికించాలంటే ఆ సాహిత్యం చదవాలి, అర్థం పట్టాలి, దానికి తగిన రాగం చూసుకోవాలి, పాడి చూడాలి, మార్చాలి, మళ్లీ పాడాలి. ఇది ఒక కచేరీతో అయ్యే పనా? ఒక పోటీ పెట్టి బహుమతి ఇస్తే అయ్యే పనా?

తిరుమల తిరుపతి దేవస్థానం ఏం చేసింది? అన్నమాచార్య ప్రాజెక్టు పెట్టింది. పాడేవాళ్లను కొలువులో పెట్టుకుంది. నెలనెలా జీతమిచ్చింది. బాలకృష్ణప్రసాద్‌గారు 1978లో చేరారు. అప్పటికాయనకు ముప్పై ఏళ్లయినా నిండలేదు. 2006 దాకా ఆ కొలువులోనే ఉన్నారు. ఆరువందలకు పైగా సంకీర్తనలకు వరసలు కట్టారు. ‘వినరో భాగ్యము విష్ణుకథ’ ఇవాళ పసిపిల్లలు కూడా పాడుతున్నారు కదా, ఆ వరస ఆయనదే. చాలామంది అది అన్నమయ్య కాలం నుంచీ ఉన్న వరసే అనుకుంటారు. వరస కట్టినవాడికి అంతకంటే ఏం కావాలి? 2025 మార్చిలో తిరుపతిలోనే ఆయన కన్నుమూశారు.

దేవస్థానం ఆయనకు ఇచ్చిందేమిటో మళ్లీ చెబుతాను. ఏళ్లు ఇచ్చింది. రేపటి బియ్యం గురించి ఆలోచించకుండా ఇవాళ ఈ పాట గురించి ఆలోచించుకోమని చెప్పింది. గురువు నేదునూరివారు కూడా ఎన్నో అన్నమయ్య పాటలకు వరసలు కట్టారు. విజయనగరంలో ఒక తరానికి దొరికిన నీడ, తిరుపతిలో ఇంకో తరానికి పాటలై వచ్చింది. పెట్టినవాళ్లు అది చూడటానికి ఉండరు. ఈ దానం పద్ధతే అంత.

ఇప్పుడు మన కాలానికి వద్దాం.

తునిలో ఒక అమ్మాయి ఉందనుకుందాం. పన్నెండేళ్లు. గొంతు బాగుంది, పట్టుదల ఉంది. గురువుగారు ఉండేది విశాఖపట్నంలో. ఆదివారం తెల్లవారకముందే లేచి రైలెక్కాలి. ఒక్కతే వెళ్లలేదు, అమ్మ తోడు రావాలి. అంటే రెండు టికెట్లు. అమ్మ ఇంట్లో బట్టలు కుడుతుంది. ఆదివారం మిషను ఆగితే ఆ రోజు సంపాదన పోయినట్లే. స్టేషన్ నుంచి గురువుగారింటికి ఆటో. గంటన్నర పాఠం. అమ్మ అరుగు మీద కూర్చుని, వచ్చే వారం ఎవరి జాకెట్లు ఇచ్చేయాలో లెక్కలు వేసుకుంటుంది. తిరిగి ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. గురువుగారు మంచివారు, ఫీజు కోసం పీడించరు. అయినా పండక్కి ఖాళీ చేతులతో ఎలా వెళతారు?

ఇలా మూడేళ్లు నడుస్తుంది. వర్ణాలయ్యాయి, కీర్తనలు మొదలయ్యాయి. అప్పుడు ఇంటర్ వస్తుంది. ఇంట్లో ఎవరో ఒకరు మెల్లగా అంటారు. "ఈ రెండేళ్లు ఆపేద్దామమ్మా, పరీక్షలయ్యాక చూద్దాం." ఎవరూ తిట్టరు, కొట్టరు. అందరూ ప్రేమగానే చెబుతారు. అమ్మాయి కూడా సరే అంటుంది. అలా ఆగిన పాఠం చాలా ఇళ్లలో మళ్లీ మొదలుకాదు. శ్రుతిపెట్టె అటక ఎక్కుతుంది.

సంగీతం నేర్పే ఏ గురువునైనా అడగండి. మంచి శిష్యులు ఏ వయసులో మానేశారని అడగండి. పదిలోనో ఇంటర్‌లోనో అంటారు. మరి మన ట్రస్టులు వాళ్లను ఎప్పుడు కలుస్తున్నాయి? ఇంకో పదేళ్లకు, అన్నీ తట్టుకుని నిలబడి, పేరు తెచ్చుకున్నాక కలుస్తున్నాయి. అప్పుడు హాలు తీసుకుని, ఫ్లెక్సీ కట్టి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో దిగుతున్నాయి. ఆ గౌరవం తప్పని నేను అనడం లేదు. కానీ ఆ సభకు అయ్యే ఖర్చుతో తుని అమ్మాయికి ఏడాదిపాటు రెండు రైలు టికెట్లు, ఆటో, అమ్మ పోగొట్టుకున్న ఆదివారం కూలి ఇవ్వవచ్చు. దాతలు ఒక్కసారి ఈ లెక్క వేసుకోవాలని నా ప్రార్థన.

ఇలా నెలల లెక్కన ఇచ్చే పద్ధతి మనకు కొత్త కాదు. కేంద్ర ప్రభుత్వం సంగీతం, నాట్యం, నాటకం నేర్చుకునే యువతకు ఉపకార వేతనం ఇస్తోంది. 18 నుంచి 25 ఏళ్లలోపువారికి నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు. అంతకంటే చిన్నపిల్లలకు సీసీఆర్‌టీ అనే సంస్థ ద్వారా వేరే ఉపకార వేతనం ఉంది. ఆ సంస్థ కేంద్రం ఒకటి హైదరాబాద్ మాదాపూర్‌లో ఉంది. మీ ఇంట్లో నేర్చుకునే పిల్లలుంటే కనుక్కోండి. సొమ్ము పెద్దది కాకపోవచ్చు. కానీ రెండేళ్లపాటు వస్తుంది. కళ నేర్చుకునేవాడికి ఎప్పుడో వచ్చే పెద్ద మొత్తం కంటే, తప్పకుండా వచ్చే చిన్న మొత్తం ఎక్కువ ధైర్యమిస్తుంది.

కంపెనీలూ చేయగలవు. ఐటీసీ కంపెనీ 1970ల చివర్లో కోల్‌కతాలో సంగీత పరిశోధన అకాడమీ పెట్టింది. గురువులను అక్కడే ఉంచింది. శిష్యులను కూడా అక్కడే ఉంచి, అన్నం పెట్టి, భృతి ఇచ్చింది. బదాయూఁ నుంచి తాతగారి వరసైన నిసార్ హుస్సేన్ ఖాన్ వెంట వచ్చిన చిన్నపిల్లవాడు అక్కడే పెరిగి ఉస్తాద్ రషీద్ ఖాన్ అయ్యాడు. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను తమ లాభాల్లో రెండు శాతం సమాజం కోసం ఖర్చుపెట్టమంటోంది. సంప్రదాయ కళలను పెంపొందించడం కూడా ఆ ఖాతాలో చేర్చవచ్చు. మన విశాఖలో, హైదరాబాద్‌లో, విజయవాడలో పెద్ద కంపెనీలున్నాయి. వాటిలో ఒక్కటి పది మంది పిల్లలకు గురువునీ గదినీ అన్నాన్నీ అయిదేళ్లపాటు ఇస్తే చాలు, పదిహేనేళ్ల తర్వాత మన కచేరీల రూపమే మారిపోతుంది.

ఒక మాట పక్కవాయిద్యాల గురించి. దాతల కళ్లు ఎప్పుడూ మధ్యలో కూర్చున్న గాయకుడి మీదే ఉంటాయి. మృదంగం వాయించే కుర్రవాణ్ణి ఎవరు చూస్తారు? మృదంగం మూతలు అరిగిపోతాయి, మార్పించాలి. ఆ పని తెలిసినవాళ్లు అన్ని ఊళ్లలో ఉండరు. అంత బరువు భుజానేసుకుని బస్సెక్కి పెద్ద ఊరికి వెళ్లాలి. మూతలు బాగాలేకపోతే శ్రుతి నిలవదు, శ్రుతి నిలవకపోతే కచేరీకి పిలవరు, పిలవకపోతే మూతలకు డబ్బులుండవు. ఆ కుర్రవాడు ఈ ముడిలో ఇరుక్కుంటాడు. కూచిపూడి నేర్చుకునే అమ్మాయి రంగప్రవేశానికి అప్పు చేసే తల్లిదండ్రులున్నారు. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, ఆహార్యం, అన్నీ వాళ్లే భరించాలి.

కూచిపూడి అంటే గుర్తొచ్చింది. ఆ ఊరిని గోల్కొండ సుల్తాను తానీషా భాగవతుల కుటుంబాలకు అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. ఆట చూసి మెచ్చుకున్న పాలకుడు మెడలోని హారం తీసి ఇస్తే అది ఆ రాత్రికి సరిపోయేది. భూమి ఇచ్చాడు కాబట్టి తరాలకు సరిపోయింది.

ఇక ఊళ్లలోని కళల సంగతి. అనంతపురం ప్రాంతంలో ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అనే ఊరుంది. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు ఆ ఊళ్లో తోలుతో దీపాల తొడుగులు చేస్తున్నారు, గోడకు వేలాడదీసే బొమ్మలు చేస్తున్నారు. కొనేవాళ్లున్నారు కాబట్టి చేతి పని బతికింది. మరి ఆట? తెర కట్టి, దీపం పెట్టి, రాత్రంతా పద్యం పాడుతూ బొమ్మను ఆడించే విద్య? దాన్ని కొనేవాళ్లుండరు, నేర్చుకునే పిల్లవాణ్ణి పోషించే దాత ఉండాలి. చిందు యక్షగానం, ఒగ్గుకథ, బుర్రకథ పిల్లల సంగతీ ఇంతే.

ఆ పిల్లలు మీ దగ్గరికి దరఖాస్తు పట్టుకుని రారు. ఆన్‌లైన్ ఫారం నింపలేరు. ఇంగ్లీషులో తమ గురించి వ్యాసం రాయలేరు. వీడియో పంపమంటే, అమ్మ ఫోన్‌లో, పశువుల పాక దగ్గర, గాలి హోరులో తీసి పంపుతారు. ఆ వీడియో చూసి కాదనేయకండి. మీరే ఆ ఊరు వెళ్లండి. ఒక రాత్రి అక్కడ ఉండి ఆట చూడండి. ఎవరికి ఇవ్వాలో మీకే తెలుస్తుంది.

నా మాట ఇంకోసారి చెబుతాను, రేడియోలో వెనక్కి తిప్పి వినలేరు కదా. ముందు ఏళ్లు ఇవ్వండి. గురువు దగ్గర కూర్చునే ఏళ్లు. ఆ తర్వాత వేదిక ఇవ్వండి.

వేదిక ఇవ్వడానికి కోట్లు అక్కర్లేదు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో ఒక తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి వేదిక ఎక్కించారు. పాలకొల్లులో పుట్టినవాడు. చేతిలో మాండొలిన్. కర్ణాటక సంగీతం మాండొలిన్ మీద వాయిస్తారని అప్పటికి ఎవరూ అనుకోలేదు. ఇదేం వాయిద్యం, ఇదేం వయసు అని ఆ కమిటీ పెద్దలు వెనక్కి పంపేసి ఉండవచ్చు. పంపలేదు. కూర్చోబెట్టి వాయించమన్నారు. కొన్నేళ్లకే అతను మద్రాసులో వాయించాడు, తర్వాత ప్రపంచమంతా విన్నది. మాండొలిన్ శ్రీనివాస్. మొదటి వేదిక ఒక చిన్న ఊరి కమిటీ ఇచ్చింది.

కొన్నిచోట్ల ఇప్పుడు అవకాశం ఇచ్చినందుకు ఆ పిల్లల దగ్గరే ఎదురు విరాళం పుచ్చుకుంటున్నారు. పక్కవాయిద్యాలవారి పారితోషికం కూడా పాడే పిల్లలే ఇచ్చుకోవాలి. డబ్బున్న ఇంటి పిల్లలు పాడతారు, లేనివాళ్లు ఇంట్లో ఉంటారు. ఇది చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. త్యాగరాజస్వామి ఉంఛవృత్తి చేసి బతికిన మహానుభావుడు. ఆయన పేరున జరిగే ఉత్సవంలో పేదపిల్లకు చోటు లేకపోతే అది ఏం ఆరాధన?

పుష్య బహుళ పంచమి నాడు త్యాగరాజ ఆరాధన. దానికి రెండు నెలల ముందే మీ ఊళ్లో కమిటీ కూర్చుంటుంది, ఎవరిని పిలవాలో జాబితా రాస్తుంది. ఆ కమిటీలో మీరున్నా, మీకు తెలిసినవాళ్లున్నా, ఒక్క పేరు చేర్చమనండి. చుట్టుపక్కల గురువుల్ని అడిగి, ఇరవై ఏళ్లలోపు పిల్లనో పిల్లవాణ్ణో ఎంచుకోండి. మధ్యాహ్నం ఖాళీ కుర్చీల ముందు పావుగంట సరిపెట్టకండి. సాయంత్రం, జనం ఉండే వేళ, నిండుగా ఒక గంట ఇవ్వండి. అనుభవమున్న మృదంగ విద్వాంసుణ్ణి పక్కన కూర్చోబెట్టి, ఆయన పారితోషికం మీరే ఇవ్వండి. ఆ పిల్లకూ తోడు వచ్చిన అమ్మకూ రానూ పోనూ ఛార్జీలు, రాత్రి భోజనం, పడుకోవడానికి ఒక గది చూడండి. మర్నాడు ఉదయం వాళ్లు బయలుదేరేటప్పుడు ఒక్కమాట అడగండి. "వచ్చే ఏడాది పాఠం ఆగకుండా ఉండాలంటే నీకు నెలకు ఎంత కావాలమ్మా?" చెప్పిన అంకె రాసుకోండి. కమిటీ లెక్కలు చూసుకునే రోజున ఆ అంకెను అందరి ముందూ పెట్టండి.